పనిలో ఉన్నవాళ్ల ఫొటోలు తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే కెమెరా భుజాన తగిలించుకుని బయటపడటం నాకు చాలా ఏళ్ల అలవాటు. గుళ్లు, కోటలు, సూర్యోదయాలు తీయడం ఎప్పుడో మానేశాను. ఇస్త్రీ బండి, టీ కొట్టు, చేపల రేవు, మగ్గం గుంట, స్కూటర్ మెకానిక్ షెడ్డు, ఇలా పని జరిగే చోట్లే నా తిరుగుడంతా. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. లెన్సుల గురించి తక్కువ, భయం గురించి ఎక్కువ. అందుకే జవాబులు కూడా ఆ పాళ్లలోనే రాశాను.

క్యాండిడ్ అంటే పెళ్లి ఫొటోలే కదా?

మనకు ఆ మాట పెళ్లి ప్యాకేజీల్లోంచే వచ్చింది. "ట్రెడిషనల్‌కి ఒకరు, క్యాండిడ్‌కి ఒకరు" అని రేటు మాట్లాడుకుంటాం. తీరా మండపంలో ఆ క్యాండిడ్ అబ్బాయి పెళ్లికూతురితో "అక్కా, నన్ను చూడకుండా అటు చూసి నవ్వండి" అంటాడు. ఆమె నవ్వుతుంది, నాలుగోసారికి బాగా వస్తుంది. అది క్యాండిడ్‌లా నటించడం. తప్పేం లేదు, డబ్బులిచ్చి చేయించుకునేదే.

ఇక్కడ నేను చెప్పేది వేరు. మనిషి తన పనిలో తానుంటాడు. మనం ఏమీ చేయించం, ఏమీ సర్దం, వెనకున్న ప్లాస్టిక్ బకెట్ కూడా జరపం. ఆ మనిషికి తెలియకుండా తీయాలన్న రూలేమీ లేదు. చెప్పకుండా తీయడం వేరు, చెప్పి చేయించకపోవడం వేరు. నేను పట్టుబట్టేది రెండోదాని గురించే.

అడిగితే బిగుసుకుపోతారు, అడక్కపోతే తప్పుగా అనిపిస్తుంది. మరి ఎలా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు: అడగండి, తర్వాత ఆగండి.

అడిగాక మొదటి పది నిమిషాల ఫొటోలు దండగే. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటాడు, మీసం దువ్వుకుంటాడు, అటెన్షన్‌లో నిలబడతాడు. వద్దనకండి, ఆ ఫొటోలు కూడా తీయండి. వాటితో తర్వాత పని పడుతుంది. కాసేపటికి ఒక గిరాకీ వస్తుంది, చేతులు పనిలోకి వెళ్లక తప్పదు. పూరీ నూనెలో ఉండగా కెమెరా చూసి నవ్వుతూ కూర్చోవడం ఎవరివల్లా కాదు, మాడిపోతుంది. బజార్లో ఊరికే నడిచిపోతున్నవాడు మనల్ని మర్చిపోవడం కష్టం. పని చేసుకునేవాడు మర్చిపోక తప్పదు.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక ఇంటికి వెళ్లినప్పటి సంగతి చెప్తాను. ఆ ఊరి పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చింది. చూడటానికి వచ్చేవాళ్లకు, వీడియోలు తీసేవాళ్లకు ముందునుంచీ కొదవ లేదు. నన్ను చూడగానే ఆవిడ పైట సర్దుకుని, ఒక రేకును రెండు చేతులతో ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. ఎవరో ముందు వచ్చినవాళ్లు నేర్పిన పోజు. తీశాను, "చాలా బాగుందండీ" అన్నాను, కెమెరా ఒళ్లో పెట్టుకుని అరుగు చివర కూర్చున్నాను.

పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద మంట. పలచటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను రెండు చేతులతో చాపి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ దాటిన చోట తడి మెరుస్తుంది. ఆ మెరుపు చూస్తుండగానే ఆరిపోయి, తెల్లటి పొర అంచు కాస్త లేస్తుంది. ఆ అంచు పట్టుకుని రేకు తీసి పక్కన పెడతారు, మళ్లీ గుడ్డ ముంచుతారు. ముప్పావుగంట గడిచేసరికి ఆవిడ పక్కింటామెతో ఎవరి కోడలి గురించో మాట్లాడుకుంటున్నారు, నేనున్న సంగతే గుర్తులేదు. ఇంతలో పొగ కళ్లలోకి కొట్టింది. చేతులకేమో పిండి. మోచేయి మడిచి, దాంతో కళ్లు తుడుచుకున్నారు, కుండ మీద రేకు మాత్రం వదల్లేదు. ఆ రోజు తీసిన రెండు వందల్లో నేను దాచుకున్నది ఆ మోచేయి ఫొటో ఒక్కటే.

మొదటి మాట ఎలా కలపాలి?

ముందు ఏదో ఒకటి కొనండి. టీ తాగండి, చొక్కా ఇస్త్రీకి ఇవ్వండి, తెగిన చెప్పు కుట్టించుకోండి. కొనడానికేమీ లేని చోట పని గురించి ఒక ప్రశ్న అడగండి. "ఈ పెట్టెలో బొగ్గులు ఎంతసేపు ఆగుతాయి బాబాయ్?" అని ఒకసారి ఊరికే అడిగితే జవాబు పావుగంట నడిచింది. గ్యాస్ ఇస్త్రీ పెట్టెలు వచ్చాక ఏం మారిందో కూడా చెప్పాడాయన.

ఒక్క జాగ్రత్త. బోణీ కాకముందు కెమెరా బయటికి తీయకండి. ఇంకా ఒక్క బేరమూ తగలకముందే ఎవడో వచ్చి ఫొటో అంటే చాలామందికి చిరాకు, కొందరికి పట్టింపు కూడా. ఆ బోణీ ఏదో మనమే చేస్తే గొడవే లేదు. మార్కెట్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చిన కిటుకు ఇదే.

పిలుపు కూడా ముఖ్యం. గోదావరి వైపు "బాబాయ్ గారూ, ఒక ఫొటో తీసుకోమంటారా అండీ" అంటే పని జరుగుతుంది. తెలంగాణ పల్లెలో "పెద్దమ్మా, ఫొటో దించుకోనా" అంటే వాళ్లే నవ్వుతారు. చార్మినార్ పక్కన లాడ్ బజార్లో లక్క గాజులు చేసే పెద్దాయన్ని చాచా అనండి. "ఎక్స్‌క్యూజ్ మీ సార్" అని మొదలుపెడితే మాత్రం ఏదో ఆఫీసు నుంచి వచ్చారని గట్టిగా నమ్ముతారు.

"ఫొటో ఎందుకు?" అంటే ఏం చెప్పాలి?

ఆ ప్రశ్న వెనక ఏముందో ముందు తెలియాలి. మున్సిపాలిటీ వాళ్లా, రేపు బండి ఎత్తేస్తారా? ఫుడ్ ఇన్‌స్పెక్టరా? ఈ మధ్య వీటికి రీల్స్ కూడా తోడయ్యాయి. ఒక బజ్జీల బండి ఆయన నాతో అన్నాడు: "మొన్నొకడు అన్నా అన్నా అంటూ వచ్చి వీడియో తీసిండు, నూనె నల్లగుందని పెట్టిండు. వారం గిరాకీ లేదు." ఆయన నన్ను అనుమానంగా చూశాడంటే నేనెందుకు బాధపడాలి?

కాబట్టి నిజం చెప్పండి. "ఇది నా సరదా, పేపరు కాదు, ఛానెల్ కాదు. ఇంటర్నెట్‌లో పెట్టాలనిపిస్తే మీకు చూపించి పెడతా." చెప్పిన మాట మీద నిలబడండి. తీసినవాటిలో రెండు మూడు వెంటనే స్క్రీన్ మీద చూపించండి. టెన్షన్ సగం అక్కడే తగ్గిపోతుంది.

వద్దంటే?

"సరే అన్నా" అని టీ తాగి వచ్చేయండి. దూరం నుంచి జూమ్ చేసి తీయడం మాత్రం చేయకండి, అది దొంగతనమే.

అయితే అడక్కుండా ఎప్పుడూ తీయకూడదా?

నేనూ తీస్తాను. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో వందల మంది అరుస్తూ, బుట్టలు మోస్తూ, బంతిపూల రాశుల మీద నుంచి దాటుతూ ఉంటారు. ఎవర్ని అడుగుతాం? గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు ఎత్తేవాళ్లను మధ్యలో ఆపి అడగడమే వాళ్లకు ఇబ్బంది. (మిర్చి యార్డుకు ముక్కుకు గుడ్డ లేకుండా వెళ్లకండి. నేను వెళ్లాను. తుమ్ములతో ఒక్క ఫొటో కూడా సరిగా రాలేదు.)

నా లెక్క ఇది. ఫొటోలో సందడి ముఖ్యమైతే అడగను. ఒక మనిషి ముఖం ముఖ్యమైతే, ముందైనా తర్వాతైనా అడుగుతాను. తర్వాత అడిగినప్పుడు తీసేయమంటే ఆయన ఎదురుగానే డిలీట్ చేస్తాను. అలా ఒకటి రెండు మంచి ఫొటోలు పోయాయి, పోనీ.

ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసన్ తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలకు నల్ల టేపు అంటించుకునేవాడు, ఎవరి కంటా పడకుండా. ఆ కథ చదివి మనవాళ్లు కెమెరాను బ్యాగు కింద దాచి తీయడం మొదలుపెడతారు. మన బజార్లో అది కుదరదు. ఇక్కడ కొత్త మనిషి అడుగు పెట్టిన నిమిషానికే వీధి వీధంతా గమనిస్తుంది. దాచిపెట్టిన కెమెరా దొరికితే అప్పుడు నిజంగానే గొడవ.

ఆడవాళ్లు పనిచేసే చోట?

నేను మగవాణ్ని కాబట్టి చెప్తున్నాను. ఒంటరిగా వెళ్లి నేరుగా వాళ్లనే అడగడం కన్నా, అక్కడున్న పెద్దావిడతో ముందు మాట్లాడటం నయం. వరి నాట్ల దగ్గర, చేపలు ఎండబెట్టే చోట వాళ్లు చీర ఎగ్గట్టుకుని, వంగి పనిచేస్తుంటారు. ఎక్కడ నిలబడి తీస్తున్నామన్నది అక్కడ చాలా తేడా తెస్తుంది. ముందు వైపు, వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. వెనక నుంచి, పై నుంచి వద్దు. ఆ ఫొటో వాళ్ల ఇంట్లో అందరి ముందూ చూపించగలనా అని ఒకసారి అనుకుంటే చాలు.

చట్టం ఏమంటుంది?

నేను లాయర్ని కాను, నాకు తెలిసినంత చెప్తాను. మన దేశంలో రోడ్డు మీద, బజార్లో మనిషి ఫొటో తీయడాన్నే నిషేధించే చట్టమంటూ లేదు. అలాగని ఏం చేసినా చెల్లదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ చెప్పింది. ఆడవాళ్లు ఏకాంతంలో ఉండగా చాటుగా చూడటం, తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 354సి.

కొట్టు, కార్ఖానా, హోటల్ వంటగది ఇవన్నీ సొంత స్థలాలు. అక్కడ పనివాడు సరేనన్నా యజమాని కూడా ఒప్పుకోవాలి. ఒక్కోసారి యజమాని సరేనంటాడు, పనివాడికి ఇష్టం ఉండదు, కాదనలేడు. అది ముఖంలో తెలుస్తుంది. అప్పుడు తీయకండి.

విశాఖ చేపల రేవులో తీసేవాళ్లకు ఇంకో మాట. పక్కనే ఓడరేవు, నౌకాదళం ఉన్నాయి. నిషేధిత స్థలాలకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. కెమెరాను పడవల వైపు, వలల వైపు తిప్పండి, యుద్ధ నౌకల వైపు కాదు.

ఫొటోను ప్రకటనకు వాడాలంటే అందులో ఉన్న మనిషి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించుకోవడాన్ని నేను అనుమతి అనుకోను. తెలుగులో నాలుగు లైన్లు రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి.

మేం విదేశాల్లో ఉంటాం. అక్కడ కూడా ఇంతేనా?

కాదు. అమెరికాలో వీధిలో తీయడానికి దాదాపు అడ్డు లేదు, ప్రకటనలకు వాడితే మాత్రం అనుమతి కావాలి. జర్మనీలో 1907 నుంచే మనిషి బొమ్మ ప్రచురించడానికి ఆ మనిషి సమ్మతి కావాలన్న చట్టం ఉంది. దుబాయ్, అబుదాబిల్లో అయితే అనుమతి లేకుండా ఎదుటివారి ఫొటో తీస్తేనే కేసు కావచ్చు. అక్కడి నిర్మాణ కూలీల్లో మనవాళ్లు చాలామంది కదా, తీయాలని మనసవుతుంది. మీ సరదాకు వాళ్ల వీసాకు ఇబ్బంది రాకుండా చూడండి. జపాన్‌లో, దక్షిణ కొరియాలో కొన్న ఫోన్లకు సాధారణంగా షట్టర్ చప్పుడు ఆపడం కుదరదు, కాబట్టి అక్కడ ఫోనుతో చాటుగా తీయడం అంత తేలిక కాదు.

చిన్నపిల్లలు పని చేస్తూ కనిపిస్తే తీయొచ్చా?

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి ఇంకా గట్టి చేశారు. సొంత ఇంటి పనుల్లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మెకానిక్ షెడ్డులో గ్రీజు ముఖంతో పదేళ్ల పిల్లాడు కనబడితే ఫొటో చాలా బాగా వస్తుంది, అందుకే జాగ్రత్తగా ఉండాలి. ఆ ముఖం నెట్‌లో పెట్టడం వల్ల వాడికేమీ ఒరగదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం తప్పు కూడా.

అమెరికాలో లూయిస్ హైన్ 1908 నుంచి ఒక బాలకార్మిక నిర్మూలన కమిటీ కోసం బట్టల మిల్లుల్లో, గనుల్లో పిల్లల ఫొటోలు తీశాడు. ఒక్కోచోట బైబిళ్లు అమ్మేవాడినని, ఇన్‌స్పెక్టర్‌నని చెప్పి లోపలికి వెళ్లేవాడు. పిల్లల ఎత్తు తన కోటు గుండీలతో కొలిచేవాడు, వయసు రాసుకునేవాడు. ఆ ఫొటోలు చట్టాలు చేసేవాళ్ల చేతికి వెళ్లాయి. మనం తీసింది లైకులకు తప్ప ఎక్కడికీ పోదు.

మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపుతుంటే?

అది తీయండి. మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగు కాలవల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపకూడదు. అప్పుడు మీ ఫొటో సాక్ష్యం. చోటు, తేదీ, టైము, పక్కనున్న బండి నంబరు, గ్లవ్స్, మాస్కు లేని సంగతి కనబడేలా తీయండి. దిగుతున్న మనిషి ముఖం కనబడకుండా తీయండి. ముఖం కనబడితే కాంట్రాక్టరుకు ఏమీ కాదు, దిగినవాడి రోజు కూలీ పోతుంది. లోపలివాడికి ఏదైనా ప్రమాదమైతే మాత్రం ఫొటో సంగతి వదిలేసి 112కి ఫోన్ చేయండి. మీరు లోపలికి దిగకండి, విషవాయువు కాపాడబోయినవాళ్లనూ వదలదు.

ఫొటో పెట్టాక ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా?

వచ్చింది, నావల్లే. ఒక రాత్రి బండి దగ్గర పరోటా మాస్టర్ ఫొటో తీశాను. పాతికేళ్ల కుర్రాడు, పిండిని గాల్లో చాపుతుంటే వెనక బల్బు వెలుతురు దాంట్లోంచి వస్తోంది. అడిగే తీశాను, చూపించాను, "సూపర్ అన్నా" అన్నాడు. ఫేస్‌బుక్‌లో ఊరి పేరుతో సహా పెట్టాను. నాలుగు రోజులకు ఫోన్ చేశాడు. ఇంట్లో ఏదో ఆఫీసులో పని చేస్తున్నానని చెప్పుకున్నాడట, డిగ్రీ చదివినవాడు. ఆ ఫొటో వాళ్ల మేనమామ కంట పడింది.

వెంటనే తీసేశాను, కానీ అప్పటికే షేర్లయ్యాయి. అతను నన్నేమీ తిట్టలేదు. "మీకు తెలీదు కదన్నా" అన్నాడు. తిడితేనే బాగుండేది. తీయడానికి ఒప్పుకోవడం ఒకటి, నలుగురికీ చూపించడానికి ఒప్పుకోవడం ఇంకొకటి అని అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచి రెండూ విడివిడిగా అడుగుతాను. ఊరు, వీధి పేరు వెంటనే రాయను.

ఏ కెమెరా కొనాలి?

ఇప్పుడు చేతిలో ఉన్న ఫోను చాలు. నిజానికి మార్కెట్లో ఫోనే నయం, ఎవరూ పట్టించుకోరు. ఇబ్బంది ఒక్కటే. ఫోను మెయిన్ లెన్సు బాగా వైడు, సుమారు 24 ఎంఎం. దూరం నుంచి తీస్తే మనిషి చీమంత కనబడతాడు. దగ్గరికి వెళ్లక తప్పదు. మీరు నేర్చుకోవాల్సిందీ అదే.

కెమెరా కొంటే 35 ఎంఎం లేదా 50 ఎంఎం ఒక్క లెన్సు. 70–200 లాంటి పెద్ద జూమ్ తెస్తే క్రికెట్ మ్యాచ్‌కి వచ్చినట్టుంటుంది, టీ కొట్టులో అందరూ మీ లెన్సునే చూస్తారు.

సెట్టింగ్స్ ఏం పెట్టాలి?

చేతులు కదిలే పనికి షట్టర్ 1/250, అంటే సెకనులో 250వ వంతు. టీ పై నుంచి పోస్తుంటే, సమ్మెట దెబ్బ పడుతుంటే 1/500 పైన. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె, కుట్టు మిషను చక్రం, సాన రాయి లాంటివి చెదిరి, మనిషి మాత్రం నిలిచి కనబడాలంటే 1/15 లేదా 1/30 పెట్టి మోచేతులు ఎక్కడైనా ఆనించండి. కొట్ల లోపల ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో తీయడానికి పెంచే సెట్టింగు) 1600, 3200 వరకు భయపడకండి. ఫొటోలో గింజల్లాంటి చుక్కలు కనబడితే ఎవరూ ఏమీ అనరు, ఊగిపోతేనే పోయినట్టు. ఫ్లాష్ వద్దు. ఒక్కసారి మెరిసిందంటే అరగంట కష్టపడి సంపాదించిన మరుపు కాస్తా పోతుంది.

ఫోకస్ కోసం పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 35 ఎంఎం లెన్సు అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 దగ్గర పెట్టి, ఫోకస్ చేత్తో 3 మీటర్లకు తిప్పి వదిలేయండి. సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక నొక్కడమే పని.

ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోల్లో అడ్డచారలు వస్తున్నాయి. కెమెరా పాడైందా?

లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు, వేగంగా పెట్టిన షట్టర్‌కు తెలుస్తుంది. షట్టర్ 1/100కో 1/50కో తగ్గించండి. సైలెంట్ షట్టర్ వాడుతుంటే ఆపేయండి, చారలకు ఎక్కువగా కారణం అదే.

ఏ క్షణంలో నొక్కాలి?

ముందు పనిని చూడండి, కనీసం నాలుగైదు సార్లు. ప్రతి పనికీ ఒక తిరుగుడు ఉంటుంది. పోచంపల్లి వైపు చీరకు ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు దారాన్ని అమర్చేటప్పుడు, చెయ్యి మేకుల చుట్టూ వెళ్లి వస్తూ ఉంటుంది, ఒక్క చీరకే వేలసార్లు. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చెయ్యి వెళ్లేటప్పుడు తీస్తే అది ఏ పనైనా కావచ్చు. తిరిగి వచ్చే మలుపులో భుజం ఎత్తు మారుతుంది, అక్కడ ఆ పని బరువు కనబడుతుంది. మంగలి షాపులో కత్తి గొంతు దగ్గరకొచ్చినప్పుడు గడ్డం చేయించుకునేవాడు ఊపిరి బిగబడతాడు. చూడండి, ఆ సెకను మంగలి ముఖం కూడా మారుతుంది.

పని ఆగిన క్షణాన్ని వదలకండి. బీడీ ముట్టించుకోవడం, తువ్వాలు దులుపుకోవడం, చిల్లర లెక్కపెట్టుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే. చాలామంది కెమెరా దించేది సరిగ్గా అప్పుడే.

పెద్దవాళ్లు ఎందుకంత నిటారుగా నిలబడతారు?

వాళ్లకు ఫొటో అంటే ఒక సందర్భం. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలం నుంచి మొన్నమొన్నటి ఊరి స్టూడియో దాకా, కదిలితే ఫొటో పాడవుతుందనే చెప్పారు. స్టూడియోకి వెళ్లడానికి ఉతికిన బట్టలు కట్టుకునేవారు. మనమేమో పని బట్టల్లో, చెమటతో ఉండగా వచ్చి తీస్తామంటాం. వాళ్ల కోణంలో చూస్తే వింత మనమే. అందుకే ఒక నిలబడిన ఫొటో తప్పకుండా తీయండి.

బ్లాక్ అండ్ వైట్ చేస్తేనే బాగుంటుందా?

బొగ్గు, ఇనుము, పొగ ఉన్నచోట సరే. బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియో సాల్గాడో ధన్‌బాద్ బొగ్గు గనుల కార్మికుల్ని అలాగే తీశాడు. కానీ మిర్చి కల్లాన్నీ, అద్దకం తొట్టినీ, లక్క గాజులనూ నలుపు తెలుపు చేయడం ఏంటి? ముసలి ముఖం కనబడగానే రంగు తీసేసి, ముడతలు నల్లబరిచి, కింద "బతుకు పోరాటం" అని రాయడం ఒక జబ్బు. "ఆకలి రాజ్యం", "కష్టజీవి" కూడా దీని చుట్టాలే. ఆయన ఏం చేస్తున్నాడో రాయండి: "సైకిల్ టైరుకు పంక్చర్ వేస్తున్నారు, మధ్యాహ్నం మూడింటికి." చూసేవాళ్లకు మిగతాది తెలుస్తుంది.

ఎవరి ఫొటోలు చూడాలి?

రఘు రాయ్ తీసిన బజార్లు, కూలీలు చూడండి. ఒక్క ఫ్రేములో పదిమంది పది పనుల్లో ఉంటారు, ఎవరూ అడ్డురారు. తెలంగాణ పల్లె బతుకుల్ని, బతుకమ్మను తీసిన గుడిమల్ల భరత్ భూషణ్ ఫొటోలు దొరికినవన్నీ చూడండి. ఆయన వాకిళ్ల మీద పెట్టినంత శ్రద్ధ మనం ముఖాల మీద కూడా పెట్టం.

డబ్బులు ఇవ్వాలా?

ఫొటోకు ఇంత అని నేను ఇవ్వను. ఇస్తే రెండో నిమిషం నుంచి ఆయన నా కోసం పని చేస్తున్నట్టు నటిస్తాడు. కానీ ఒకరి పని అరగంట పాడుచేసి ఊరికే రావడం కూడా మర్యాద కాదు. కొంటాను. ప్రింట్లు ఇస్తాను. ఆ ఫొటోకు పోటీలో బహుమతి డబ్బులొస్తే వాటా ఇవ్వాలి, దాని మీద చర్చ అనవసరం.

ప్రింట్లు నిజంగా ఇస్తారా?

ఇస్తాను, దొరికినవాళ్లందరికీ. ఎప్పుడూ ఒకటే గోల. నాకు నచ్చింది వాళ్లకు నచ్చదు. ఇస్త్రీ బాబాయ్‌కి నేను ఎంతో ముచ్చటపడ్డ ఫొటో ఇచ్చాను, ఆవిరిలో ముఖం సగం మునిగిపోయి, పెట్టె మీద చెయ్యి. చూసి "బనీను చిరుగు కనబడుతోంది" అన్నాడు. మొదట్లో గుండీలు పెట్టుకుని నిలబడ్డ ఫొటో ఇచ్చాక గానీ ముఖం వికసించలేదు. బండి పైకప్పు లోపల, లక్ష్మీదేవి పటం పక్కన అంటించుకున్నాడు. ఆవిరి ఫొటో ఏం చేశాడో నేను అడగలేదు.

ఫొటో హక్కులు ఎవరివి?

తీసినవాళ్లవి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తీసినవాళ్లు బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటాయి. ఉద్యోగంలో భాగంగా తీస్తే సాధారణంగా సంస్థవి. ఒకసారి నా ఫొటో అడక్కుండా ఒక పత్రికలో వచ్చింది, కింద "ఇంటర్నెట్ సౌజన్యం" అని వేశారు. ఇంటర్నెట్‌కి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాలనిపించింది.

వాళ్లు మన ఫొటో తీస్తామంటే?

తీయనివ్వాలి. కార్టియే బ్రెసన్‌కి తన ఫొటో ఎవరైనా తీస్తే అస్సలు నచ్చేది కాదు, చేయి అడ్డుపెట్టేవాడు. చదివినప్పుడు నవ్వుకున్నాను. ఆ తర్వాత మా వీధి టీ కొట్టు అన్న, రోజూ నువ్వే తీస్తావేంటని తన ఫోను నా మీదికి తిప్పాడు. గ్లాసు కింద పెట్టాను, జుట్టు సర్దుకున్నాను, పొట్ట లోపలికి లాక్కున్నాను. "అట్లొద్దు, టీ తాగు, నీ పని నువ్వు చేసుకో" అన్నాడు. రెండు నిమిషాలు తాగుతూనే ఉన్నాను, గ్లాసు ఖాళీ అయినా తాగుతున్నాను. ఫొటోలో అది తెలిసిపోతోంది. డిలీట్ చేయమని అడిగాను, చేయలేదు.